వేలిముద్ర పడనివాళ్లు

మిట్టపాలెం పిల్లల కేంద్రానికి వచ్చిన చిక్కంతా అది బాగా పనిచేయడం వల్లే వచ్చింది. చుట్టుపక్కల పనిచేయని కేంద్రాలు చాలానే ఉన్నాయి. వాటికి ఏ చిక్కూ రాలేదు. తలుపుకు తాళం, తాళానికి తుప్పు, హాయిగా ఉన్నాయి.

కేంద్రం నడిపే ఝాన్సీలక్ష్మికి ఈ రహస్యం తెలియదు. పొద్దున్నే వచ్చి గది ఊడ్చి, ఉయ్యాలల్లో ఉతికిన గుడ్డలు వేసి, పిల్లలు వచ్చే వేళకి పాలు కాచి ఉంచేది. ఏళ్ల తరబడి చంటిపిల్లల మధ్యే బతకడంతో పెద్దవాళ్లతో మాట్లాడేటప్పుడు కూడా ఆవిడ గొంతులో కాస్త బుజ్జగింపు వినిపించేది. అది తర్వాత బాగా అక్కరకొచ్చింది.

కేంద్రం రోడ్డుకి ఇవతల ఉంది. రోడ్డుకి అవతల వెంకటప్పయ్య గారి మిరప గోడౌను. ఊళ్లో ఆడవాళ్లు చాలామంది అక్కడ కూర్చుని మిరపకాయలకు తొడిమలు తీస్తారు, రంగు తప్పిన తాలుకాయలు ఏరతారు. ఆ పని చేతుల్ని ఏం చేస్తుందో చేసినవాళ్లకే తెలుసు. సాయంత్రానికి అరచేతులు పొయ్యిలో పెట్టి తీసినట్టు ఉంటాయి. మజ్జిగతో కడిగినా, కొబ్బరినూనె పూసినా ఆ ఘాటు ఒక పట్టాన వదలదు. ఆ చేత్తో కన్ను నలుపుకుంటే ఆ పూటకి ఆ కంటి మీద ఆశ వదులుకోవాల్సిందే. ఇక పసిబిడ్డను ముట్టుకోవడమన్న మాటే లేదు.

కేంద్రం రాకముందు తల్లులు గోడౌను దూలానికే పాతచీరతో ఉయ్యాల కట్టి, బిడ్డ ఏడిస్తే కాలితో ఊపేవాళ్లు. ఆకలేసి ఏడుస్తుందో, చీమ కుట్టి ఏడుస్తుందో ఎత్తుకుని చూసే వీల్లేదు. సువార్త అనే ఆవిడ తన కూతురు రూతు గుక్కపట్టి ఏడుస్తుంటే చూడలేక, ఒకరోజు రెండు మోచేతుల మధ్య ఇరికించి ఎత్తబోయి, పిల్లను కింద పడేసినంత పని చేసింది. ఆ రోజే పని మానేసింది. తొడిమలు తీయడంలో సువార్త చేతివేగం ఊళ్లో ఇంకొకరికి లేదు. వెంకటప్పయ్య గారు చాలాకాలం ఆవిడ కూర్చునే చోటు చూసి నిట్టూరుస్తూ ఉండేవారు.

కేంద్రం తెరిచాక రూతును ఝాన్సీ చేతుల్లో పెట్టి సువార్త మళ్లీ పనిలోకి వెళ్లింది. ఆవిణ్ణి చూసి ఇంకొందరు వెళ్లారు. పనిచేసే చేతులు దొరికేసరికి వెంకటప్పయ్య గారు రెండో షెడ్డు వేశారు. షెడ్డు దగ్గర లారీలు ఆగుతున్నాయని ఎవరో టీకొట్టు పెట్టారు. టీ తాగే డ్రైవర్లను చూసి ఇంకెవరో పంక్చరు షాపు పెట్టారు. ఇలా మిట్టపాలెం ఎవరికీ చెప్పకుండా, ఎవరినీ అడక్కుండా అభివృద్ధి చెందడం మొదలుపెట్టింది. అడక్కుండా జరిగే అభివృద్ధిని ఏ ప్రభుత్వమైనా ఎంతకాలమని చూస్తూ ఊరుకుంటుంది?

సరిగ్గా అప్పుడే పైన 'సంక్షేమాభివృద్ధి అనుసంధాన విభాగం' అని ఒకటి పుట్టింది. దాని ఉద్దేశం నిజంగా మంచిది. పేదవాళ్లకు చేసేది దండగ కాదు, దానివల్లే దేశం సంపద పెరుగుతుంది అని అందరికీ నిరూపించాలని దాని సంకల్పం. నిరూపించే హడావుడిలో ఉన్న పనిని చెడగొట్టకూడదన్న మాట మాత్రం మార్గదర్శకాల్లో ఎక్కించడం మరిచిపోయారు.

ఆ విభాగం తరఫున అనుసంధానాధికారి చక్రపాణి గారు ఒకరోజు జీపు దిగారు. ఆయన చెడ్డమనిషి కాదు. పిల్లలకు బిస్కెట్ల ప్యాకెట్టు కూడా తెచ్చారు. అది ఏ పద్దు కింద తెచ్చారో ఎవరూ అడక్కపోయినా చెప్పారు.

"లబ్ధిదారులు ఎక్కడమ్మా?" అన్నారు కుర్చీలో కూర్చుంటూ.

ఝాన్సీ పిల్లల్ని చూపించింది. అప్పుడే ఉడికించిన గుడ్లు తిని, మూతులకు పచ్చసొన పూసుకుని, వాళ్లు కూడా ఆయన్ని చూస్తున్నారు.

"వీళ్లు లబ్ధిదారులు కారు. వీళ్లు ఆధారితులు. మార్గదర్శకాల ప్రకారం ఈ కేంద్రానికి లబ్ధిదారు అనగా శ్రమలో భాగస్వామి అయిన మాతృమూర్తి. ఆవిడ ఎక్కడ?"

"పనిలో ఉన్నారండి."

"ఎవరెవరు?"

"అందరూనండి."

చక్రపాణి గారు కలం మూత పెట్టేశారు. "అంటే తనిఖీ సమయానికి కేంద్రంలో లబ్ధిదారుల ఉనికి శూన్యం."

"వాళ్లు ఇక్కడుంటే ఇక కేంద్రం ఎందుకండీ?"

ఆ మాట ఏ గడిలోనూ పట్టేది కాదు కాబట్టి ఆయన రాసుకోలేదు. "పనికి వెళ్లారనడానికి నిర్ధారణ?"

"అదుగోనండి, కిటికీలోంచి కనపడతన్నారుగా. ఆ పచ్చచీర సువార్త. పక్కన తుమ్ముతున్నది..."

చక్రపాణి గారు గబుక్కున మొహం తిప్పేసుకున్నారు, స్నానాల రేవు వైపు చూడబోయిన పెద్దమనిషిలాగా. "చూడకూడదమ్మా. అది ప్రైవేటు ఉత్పాదక ప్రాంగణం. అది పరిశ్రమల శాఖ పరిధి. మా పరిధి ఈ రోడ్డు అంచు వరకే. నేను రోడ్డు దాటితే రెండు శాఖల మధ్య ఉత్తరప్రత్యుత్తరాలు మొదలవుతాయి. మొదలయ్యాయంటే మన జీవితకాలంలో వాటి అంతు చూడలేం."

"పోనీ టీ తాగడానికని అటు వెళ్లి..."

"టీ ఇక్కడికే తెప్పించమ్మా."

టీ తాగుతూ ఆయన అసలు సంగతి చెప్పారు. సీజను ముగిసేలోగా కమిషనర్ గారు స్వయంగా వస్తారు. ఆనాటికి లబ్ధిదారుల భౌతిక ఉనికి నూటికి నూరు శాతం నిరూపణ కావాలి. కాకపోతే ఇది నిష్ఫల కేంద్రం అవుతుంది. నిష్ఫల కేంద్రాలను మూసేస్తారు.

"నాకూ ఆడపిల్లలున్నారమ్మా. మూయడం నాకు మాత్రం ఇష్టమా?" అన్నారు చక్రపాణి గారు. నిజంగానే అన్నారు. ఝాన్సీ కళ్లముందు గోడౌను దూలం, దానికి వేలాడే పాతచీర ఉయ్యాల కదిలాయి.

మర్నాటికల్లా వేలిముద్ర యంత్రం వచ్చేసింది. అరచేతిలో పట్టేంత పెట్టె. పైన చిన్న అద్దం, అందులో ఎర్రదీపం. లోపల్నించి ఒక ఆడగొంతు ఎంతో మర్యాదగా మాట్లాడుతుంది. తల్లులు పనికి వెళ్తూ వేలు పెడితే చాలు, నిరూపణ అయిపోతుందన్నారు చక్రపాణి గారు. ఝాన్సీ బతుకుజీవుడా అనుకుంది.

ముందు సువార్త పెట్టింది.

"క్షమించండి. మీరెవరో గుర్తించలేకపోయాం," అంది యంత్రం.

"పాపం, క్షమించమంటందే! మా అత్త ఒక్కనాడన్నా అన్లా," అంది సువార్త.

వెనకాల నిలబడ్డవాళ్లంతా నవ్వారు. తర్వాత వాళ్లూ ఒక్కొక్కరే పెట్టారు. యంత్రం అందరినీ క్షమాపణ అడిగింది. సీజను మొదలైనప్పటి నుంచీ మిరపకాయలు తుంచి తుంచి ఆ వేళ్ల మీద గీతలన్నీ అరిగిపోయాయి. నూనె రాసి పెట్టారు, మజ్జిగతో కడిగి పెట్టారు, బూడిద అద్ది పెట్టారు, చివరికి కాలి బొటనవేలు కూడా పెట్టి చూశారు. యంత్రం మర్యాద తప్పలేదు, మాటా మార్చలేదు.

చక్రపాణి గారు రాజధానిలో సాంకేతిక నిపుణులకు ఫోను చేశారు. చాలాసేపు "ఊఁ" కొట్టి, ఫోను పెట్టేసి, వెలిగిపోతున్న మొహంతో వచ్చారు.

"పరిష్కారం దొరికింది. కొన్నాళ్లు రాపిడి తగలకుండా ఉంచితే వేలిగీతలు వాటంతట అవే వస్తాయట. కాబట్టి లబ్ధిదారులు తాత్కాలికంగా పని మానేస్తే, వాళ్లు పని చేస్తున్నారని మనం రుజువు చేయొచ్చు."

ఒక చంటివాడు గట్టిగా తుమ్మాడు.

"ఏంది టీచరమ్మా ఈయన అంటన్నది?" అంది సువార్త మెల్లగా.

ఝాన్సీ ఆవిణ్ణి పక్కకు తీసుకుపోయి ఉన్నది ఉన్నట్టు చెప్పింది. రుజువు కాకపోతే కేంద్రం మూసేస్తారు. సువార్త కాసేపు రూతు వైపు చూసింది. రూతు ఉయ్యాల కింద కూర్చుని ఇంకో పిల్ల బిస్కెట్టు తింటోంది.

"దీన్ని మళ్లీ ఆ దూలానికి కట్టలేను టీచరమ్మా. మీరు కూర్చోమంటే కూర్చుంటాం. ఎన్నాళ్లయితే అన్నాళ్లాయె," అంది.

అలా మిట్టపాలెం తల్లులు పని మానేసి, పనికి రుజువు కోసం ఇళ్లల్లో చేతులు ముడుచుకుని కూర్చున్నారు. కొన్నాళ్లకు గీతలు తేలాయి. యంత్రం "గుర్తించబడ్డారు. ధన్యవాదాలు," అని ఒక్కొక్కరినీ పలకరించింది. చక్రపాణి గారు చప్పట్లు కొట్టారు. తల్లులు చెంగులు దోపుకుని, మూతులకు గుడ్డలు కట్టుకుని గోడౌనుకి బయల్దేరారు.

"ఎక్కడికి?" అన్నారు చక్రపాణి గారు కంగారుగా గుమ్మానికి అడ్డం వస్తూ.

"పనికేనండీ."

"ఇప్పుడు వెళ్తే గీతలు మళ్లీ పోవూ? ఇంత కష్టపడి సాధించిన ఉనికి ఏం కావాలి? కమిషనర్ గారు వచ్చిపోయేదాకా దీన్ని ఇలాగే పరిరక్షించుకోవాలి."

పరిరక్షణ కేంద్రంలోనే జరగాలని ఆ సాయంత్రమే ఉత్తర్వు వచ్చింది. ఇళ్లల్లో ఉంటే ఎవరైనా అంట్లు తోమి గీతలు పాడుచేసుకోవచ్చు కదా. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా లబ్ధిదారులు కేంద్రంలోనే ఆసీనులై ఉండాలి. ఊరికే ఆసీనులై ఉంటే బాగుండదని, వాళ్లకు పాఠాలు చెప్పడానికి నగరం నుంచి సుహాసిని గారనే శిక్షకురాలిని పంపించారు. పాఠం పేరు 'పనికి వెళ్లడం వల్ల స్త్రీకి, దేశానికి కలుగు లాభములు'.

పిల్లల బుల్లి కుర్చీల్లో తల్లులు మోకాళ్లు గడ్డానికి తగిలేలా కూర్చున్నారు. సుహాసిని గారు గోడకు పటం తగిలించి, బెత్తంతో చూపిస్తూ చెప్పారు. పటంలో ఒక ఆడమనిషి నవ్వుతూ ఫ్యాక్టరీకి వెళ్తోంది. ఆవిడ వెనకాల సూర్యుడు ఉదయిస్తున్నాడు.

"చూడండమ్మా, మీలాంటివాళ్లు పనీపాటా లేకుండా ఇలా కూర్చుంటే దేశం ముందుకెలా వెళ్తుంది?"

"మేం కూర్చోలేదండి, కూర్చోబెట్టారు," అంది వెనక వరసలోంచి ఎవరో.

"ప్రశ్నలు చివర్లో," అన్నారు సుహాసిని గారు. చివర ఎప్పుడూ రాలేదు, ఎందుకంటే మర్నాడు మళ్లీ మొదటినుంచి చెప్పారు.

ఇక పిల్లల గోల. ఎదురుగా అమ్మ కనపడుతుంటే ఏ పిల్ల ఉయ్యాలలో పడుకుంటుంది? ఒకరు ఒళ్లోకి ఎక్కుతారు, ఒకరు పటంలో సూర్యుణ్ణి పీకుతారు. శిక్షణ నాణ్యత దెబ్బతింటోందని సుహాసిని గారు పైకి రాశారు. పైనుంచి వెంటనే జవాబొచ్చింది. కేంద్రం లబ్ధిదారుల కోసం. పిల్లలు లబ్ధిదారులు కారు. కావున శిక్షణ వేళల్లో లబ్ధిదారులు కానివారికి కేంద్రంలో ప్రవేశం లేదు.

ఝాన్సీ ఆ ఉత్తర్వును రెండుసార్లు చదివింది. "పిల్లల కేంద్రంలోకి పిల్లలు రాకూడదాండీ?"

"తాత్కాలికంగానేనమ్మా," అన్నారు చక్రపాణి గారు, ఆవిడ కళ్లలోకి చూడకుండా.

మరి ఆ పిల్లల్ని ఎక్కడ ఉంచాలి? తల్లులందరూ ఇక్కడున్నారు కాబట్టి ఊళ్లో ఖాళీగా ఉన్న చోటు ఒక్కటే. ఝాన్సీ పిల్లలందరినీ వెంటేసుకుని, చంకలో ఒకరు, కొంగు పట్టుకుని ఒకరు, రోడ్డు దాటి గోడౌనుకి పోయింది.

వెంకటప్పయ్య గారు గుట్టలు గుట్టలుగా పేరుకున్న టిక్కీల మధ్య, అంటే మిరప బస్తాల మధ్య, దిగాలుగా కూర్చుని ఉన్నారు. ఆయనంటే ఊళ్లో అందరికీ హడలు. నవ్వగా చూసినవాళ్లు లేరు.

"ఏందమ్మా ఈ దండు? నేను పనోళ్లని పంపమంటే వీళ్లని తెచ్చావేంది?"

"కాస్త గాలొచ్చే ఆ ముందుగది ఇప్పించండి షావుకారు గారూ. పెద్దవాళ్లు రావాలంటే ముందు వీళ్లు ఎక్కడో ఒకచోట ఉండాలిగా."

ఆయన గొణిగి, గది తీయించారు. ఝాన్సీ అటు తల్లుల దగ్గరా ఉండాలి, ఇటు పిల్లల దగ్గరా ఉండాలి. కాళ్లు అరిగేలా రోడ్డుకి అటూ ఇటూ తిరిగింది. ఆవిడ అటు వెళ్లినప్పుడల్లా పిల్లల బాధ్యత వెంకటప్పయ్య గారి మీద పడింది. మొదట కర్ర చూపించారు. రూతు ఆ కర్ర లాక్కుంది. తర్వాత బెల్లంముక్క చూపించారు. కొద్దిరోజులకు ఝాన్సీ వెళ్లేసరికి ఆయన బొజ్జ మీద రూతును పడుకోబెట్టుకుని, రాగం లేకుండా మిరప ధరలు జోలపాటలా చదువుతూ ఉయ్యాల తాడు లాగుతున్నారు.

అలా తల్లులు పిల్లల కేంద్రంలో ఉన్నారు. పిల్లలు మిరప గోడౌనులో ఉన్నారు. షావుకారు ఉయ్యాల ఊపుతున్నాడు. చక్రపాణి గారు నివేదికలో 'మాతృమూర్తుల హాజరు నూరు శాతం. రాష్ట్రంలో ఏ కేంద్రంలోనూ ఇంతటి ఉనికి లేదు,' అని రాశారు. అందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు.

కమిషనర్ గారు రేపు వస్తారనగా వెంకటప్పయ్య గారు ఝాన్సీని పిలిపించారు. ఆయన మొహంలో ఈసారి కోపం లేదు. అది చూసే ఆవిడకు భయమేసింది.

"అమ్మా, రేపు మధ్యాన్నానికి లారీ వచ్చిద్ది. తొడిమలు తీసిన సరుకు ఎక్కియ్యకపోతే ఆ వ్యాపారి ఇక నా మొహం చూడడు. తొడిమలు తీసే మిషన్లు వచ్చినై అంటన్నారు. ఇన్నాళ్లూ వద్దన్నా. ఇక తెప్పిస్తా. ఒకసారి మిషను దిగిందంటే నీ ఆడోళ్లకి ఇక్కడ పనుండదు. నన్ను అనుకోమాక."

పని పోతే కేంద్రం ఉండీ ఎందుకు? కేంద్రం పోతే పని ఉండీ వీళ్లు ఎలా వెళ్తారు? ఇన్నాళ్లూ అందరినీ బుజ్జగిస్తూ వచ్చిన ఝాన్సీకి మొదటిసారి ఏడుపొచ్చింది, కోపమూ వచ్చింది. సాయంత్రం తల్లులు ఇళ్లకు పోతుంటే గుమ్మం దగ్గర నిలబెట్టి చెప్పింది.

"తెల్లారకముందే రండి. కమిషనర్ గారు వచ్చే వేళదాకా తొడిమలు తీద్దాం. ఒక్కపూటకి గీతలు పోతాయా? పోతే పోనీండి. నేను చెప్పుకుంటా."

తెలతెలవారుతుండగానే గోడౌను మేలుకుంది. ఇన్నాళ్లూ ముడుచుకుని కూర్చున్న చేతులు ఆకలిమీద ఉన్నట్టు పనిమీద పడ్డాయి. సువార్త వేళ్లు కనపడనే లేదు, తొడిమలు రాలడం మాత్రమే కనపడింది. కాయలు కుప్పపడుతున్నాయి, ఘాటు పైకి లేస్తోంది, తుమ్ముతూ నవ్వుకుంటున్నారు. ఇంకా నాలుగు టిక్కీలు ఉన్నాయనగా కారు హారన్లు వినపడ్డాయి. మజ్జిగ లేదు, నూనె లేదు. చేతులు చెంగుకి తుడుచుకుని అందరూ ఒక్క పరుగున రోడ్డు దాటారు.

కేంద్రానికి మామిడాకులు కట్టారు. పటంలో సూర్యుణ్ణి మళ్లీ అతికించారు. తల్లులు వరసగా వచ్చి యంత్రం మీద వేలు పెట్టారు. గీతలు ఇంకా ఉన్నాయి. "గుర్తించబడ్డారు. ధన్యవాదాలు," అని యంత్రం అందరికీ చెప్పింది. దాని అద్దం మాత్రం కాస్త ఎర్రబడింది.

"ఇప్పుడు గౌరవనీయులు కమిషనర్ గారు తమ అమూల్యమైన వేలిముద్రతో ఈ ఉనికిని జాతికి అంకితం చేస్తారు," అన్నారు చక్రపాణి గారు.

కమిషనర్ గారు పెద్దమనిషి, స్థూలకాయులు, ఎండకు బాగా చెమటలు పట్టి ఉన్నారు. యంత్రం మీద వేలు గట్టిగా అదిమారు. కెమెరాల వైపు తిరిగి నవ్వారు. నుదుటి మీంచి జారిన చెమట కంట్లో పడబోతే అదే వేలితో తుడుచుకున్నారు.

ఒక్క క్షణం ఏమీ కాలేదు. తర్వాత ఆయన కళ్లలోంచి ధారగా నీళ్లు కారాయి.

"చూశారా! లబ్ధిదారుల్ని చూసి సార్ చలించిపోయారు!" అన్నారు చక్రపాణి గారు గద్గదస్వరంతో. జనం చప్పట్లు కొట్టారు. కమిషనర్ గారు ఏదో అనబోయి కెవ్వుమన్నారు. చప్పట్లు రెట్టింపయ్యాయి. యంత్రానికి ఏమయిందోనని చక్రపాణి గారు కూడా దాని మీద వేలు రుద్ది చూసి, తన కళ్లు తుడుచుకున్నారు. ఆయనా చలించిపోయారు.

ఝాన్సీకి సంగతి అర్థమైంది. ఇద్దరినీ చెరో చేత్తో పట్టుకుని తీసుకెళ్లి, పిల్లల చాపమీద పడుకోబెట్టి, పిల్లల కోసం కాచి చల్లార్చిన పాలల్లో గుడ్డ తడిపి కళ్లమీద వేసింది. "అయిపోయింది నాయనా, అయిపోయింది. నలపకూడదు. చెయ్యి తియ్యండి," అని అలవాటు కొద్దీ బుజ్జగించింది. ఇద్దరూ చెయ్యి తీశారు.

సరిగ్గా అప్పుడే వెంకటప్పయ్య గారు పిల్లల్ని తోలుకుని వచ్చారు. లారీ వచ్చేసింది, ఆయనకు బస్తాలు ఎక్కించే పనుంది. ఇన్నాళ్లకు తమ గది కనపడేసరికి పిల్లలు కేకలేస్తూ లోపలికి వచ్చేశారు. రూతు తిన్నగా తల్లి దగ్గరికి పరిగెత్తి, కాళ్లు చుట్టేసుకుని, ఎత్తుకోమని చేతులు చాపింది. సువార్త రెండు చేతులూ పైకెత్తేసింది, ఎవరో తుపాకీ చూపించినట్టు. పిల్ల ఏడుపు మొదలెట్టింది. తల్లి చేతులు దించలేదు. ఏడుస్తున్న పిల్లను చూస్తూ అలాగే నిలబడింది.

కమిషనర్ గారు గుడ్డ కొంచెం జరిపి, ఒంటికన్నుతో చూశారు.

"ఆ అమ్మాయి బిడ్డను ఎందుకు ఎత్తుకోదు?"

"ఎత్తుకోకూడదండి," అంది ఝాన్సీ. "మీ కంట్లో పడ్డదే ఆ చేతుల్లో ఉంది. రోజూ ఉంటది. అందుకనే గదండీ తమరు ఈ కేంద్రం పెట్టించారు."

ఝాన్సీయే వంగి రూతును ఎత్తుకుంది. గదిలో చప్పట్లు ఆగిపోయాయి. కమిషనర్ గారి కంట్లో నీళ్లు మాత్రం కారుతూనే ఉన్నాయి. అది మిరపఘాటో కాదో ఈసారి చక్రపాణి గారు కూడా ప్రకటించలేదు.

"చక్రపాణీ."

"చిత్తం సార్," అన్నారు పక్క చాపమీంచి.

"వీళ్లని పనికి పోనీవయ్యా."

"చిత్తం సార్. మరి పనికి పోయారనడానికి నిర్ధారణ?"

"నా కన్నే నిర్ధారణ!"

"తమరి కన్నును నెలనెలా సేకరించడం కష్టం సార్."

కమిషనర్ గారు మూలిగారు. కానీ చక్రపాణి గారి బుర్ర ఎంత మంటలోనైనా పనిచేస్తూనే ఉంటుంది. కళ్లమీద పాలగుడ్డతో, పైకప్పుకేసి మొహం పెట్టి, అక్కడికక్కడే ఆయన కొత్త నిబంధన పలికారు. నిజంగా పనిచేసేవారి వేలిగీతలు అరిగిపోతాయి. కావున యంత్రం ఎవరిని గుర్తించలేకపోతుందో వారు శ్రమలో ఉన్నట్టు పరిగణించవలెను. ఎవరిని గుర్తిస్తుందో వారు ఏ పనీ చేయనట్టు నమోదు చేయవలెను.

"ఏదో ఒకటి రాసుకో," అన్నారు కమిషనర్ గారు.

అలా మిట్టపాలెం కేంద్రం నిలబడింది. మిషను దిగలేదు. సుహాసిని గారు పటం చుట్టుకుని వేరే ఊరి ఆడవాళ్లను కూర్చోబెట్టడానికి వెళ్లారు. సాయంత్రం తల్లులు మజ్జిగతో చేతులు కడుక్కుని వచ్చి, యంత్రం మీద వేలు పెడతారు. "క్షమించండి. మీరెవరో గుర్తించలేకపోయాం," అంటుందది. వాళ్లు నవ్వుకుంటూ పిల్లల్ని మోచేతుల్లోకి తీసుకుని ఇళ్లకు పోతారు. వెంకటప్పయ్య గారు మధ్యాహ్నం పూట ఏదో పనున్నట్టు కేంద్రానికి వచ్చి, జేబులోంచి బెల్లంముక్క తీసి రూతుకు పెట్టి, ఎవరూ చూడలేదనుకుని వెళ్లిపోతుంటారు.

తర్వాత నెల చక్రపాణి గారు తనిఖీకి వచ్చారు. అంతా సవ్యంగా ఉంది. గుర్తింపు శూన్యం, అంటే శ్రమ నూరు శాతం. ఆయన ఎంతో సంతోషించి, యంత్రం సరిగ్గా పనిచేస్తుందో లేదో చూద్దామని తన వేలు పెట్టారు.

"గుర్తించబడ్డారు. ధన్యవాదాలు," అంది యంత్రం, ఎప్పుడూ లేనంత స్పష్టంగా.

ఝాన్సీ మొహంలో నవ్వు రాకుండా ఆపుకుని పెన్ను తీసింది. "ఏమని రాసుకోమంటారండీ?"

చక్రపాణి గారు తన వేలిని చూసుకున్నారు. మెత్తగా, నున్నగా, గీతలన్నీ చక్కగా ఉన్నాయి. తను పలికిన నిబంధన తనకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. దానికి మినహాయింపు పెట్టుకోలేదు. ఆయన కిటికీలోంచి అటువైపు చూశారు, ఈసారి మొహం తిప్పుకోకుండా. చాలాసేపు చూశారు. తర్వాత లేచి, చొక్కా చేతులు పైకి మడిచి, బయటికి వచ్చి రోడ్డు అంచున నిలబడ్డారు. లారీ ఒకటి పోయేదాకా ఆగారు. అటూ ఇటూ చూసి, రోడ్డు దాటారు.

గోడౌనులో సువార్త కాస్త పక్కకు జరిగి ఆయనకు చోటిచ్చింది. ఒక గుప్పెడు కాయలు ఆయన ముందు పోసింది.

"కళ్లు మాత్రం నలుపుకోమాకండి సారూ," అంది.